లింబయ్య భట్టి వెనక ఊపిరి

బోధన్‌లో కోటగిరి రోడ్డు మీద, కాలువ దాటాక ఎడమ చేతికి లింబయ్య బేకరీ వస్తుంది. ముందు దుకాణం, వెనక రేకుల కొట్టం, కొట్టంలో రొట్టె కాల్చే భట్టి. ఆ కొట్టానికి పేరు చెడింది 1995 ఆషాఢంలో. రాత్రి తొమ్మిది దాటితే ఆ పక్కనుంచి ఎవరూ నడిచేవాళ్ళు కాదు. పగలు నడిచినవాళ్ళు కూడా అటు చూడకుండా నడిచారు. అలా చూడకుండా నడిచి ఇద్దరు కాలువలో పడ్డారు. వాళ్ళనూ దెయ్యమే తోసిందన్నారు.

ఇది నాకు చెప్పినవాడు భోజన్న. ఆ భట్టి ముందు ఇరవై రెండేళ్ళు నిలబడ్డ మనిషి. అతని నోట మూడుసార్లు విన్నాను. మూడుసార్లూ ఒక్క మాట పెరగలేదు. దెయ్యం కథల్లో ఇది అరుదు.

లింబయ్య తండ్రి మగ్గం నేసేవాడు. మగ్గం కూడు పెట్టడం మానేశాక లింబయ్య హైదరాబాదు పోయి, ఒక ఉస్తాదు దగ్గర ఆరేళ్ళు పిండి పిసికి, 1954లో ఒక జాడీతో తిరిగొచ్చాడు. ఆ జాడీలో ఉన్నది ఖమీరు. అంటే డబల్ రొట్టె పొంగడానికి పిండిలో కలిపే పులిసిన ముద్ద. నిన్నటి ముద్దలోంచి కొంత ఇవాళ్టి పిండికి, ఇవాళ్టిది కొంత రేపటికి. రోజూ కాస్త పిండి, నీళ్ళు మేతగా వేయాలి. ఒక్క రోజు మరిచినా నీరసిస్తుంది. పసిబిడ్డతో సమానం, కాకపోతే ఇది ఎప్పటికీ పెద్దది కాదు.

చక్కెర ఫ్యాక్టరీ ఊరు. రాత్రి షిఫ్టు దిగినవాళ్ళకు తెల్లారగట్ల చాయ్‌లోకి బన్ను కావాలి. లింబయ్య బన్ను వేలితో నొక్కితే మళ్ళీ లేచేది. వర్ని, రుద్రూర్, కోటగిరి హోటళ్ళకు కూడా పోయేది. అలా మూడు తరాలు గడిచాయి. లింబయ్య బేకరీ కట్టాడు. కొడుకు మార్కండేయ నడిపాడు. మనవడు హన్మాండ్లు బోర్డు మీద లింబయ్య పేరు ముందు ‘న్యూ’ అని రాయించాడు. మూడో తరం అప్పటికి చేసిన పని అదొక్కటే.

లింబయ్యకు ఉబ్బసం. నలభై ఏళ్ళు మైదాపిండి పీల్చిన మనిషికి అంతకన్నా మంచి జబ్బు రాదు. కొట్టంలో ఆయన ఎక్కడున్నాడో చీకట్లో కూడా తెలిసేది, ఊపిరిని బట్టి. ఆషాఢం ముసురులో ఒక సాయంత్రం ఆ ఊపిరి ఆగింది.

పదకొండు రోజులు మైల. భట్టి ఆరింది. చావు ఇంట్లో వండినవి, తడిపినవి, కుండల్లో ఉన్నవి అన్నీ పొలిమేర దాటించి పారేయాలి. పచ్చళ్ళకు మాత్రం మినహాయింపు. ఏడాది పచ్చడి పారబోయించే ధైర్యం ఏ శాస్త్రానికీ లేదు.

మరి ఖమీరు?

ప్రశ్న కులపెద్ద చంద్రయ్య ముందుకొచ్చింది. చంద్రయ్య ప్రతి ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవాడు. అదే ఆయన పెద్దరికం.

“పిండా, కాదా?”

“పిండే కాకా,” అన్నాడు మార్కండేయ.

“తడిపిందా, కాదా?”

“తడిపిందే. గని నలభై ఏండ్ల సంది ఉన్నది. పచ్చడి లెక్క...”

“నలభై ఏండ్ల పిండా? గట్లయితే ఎప్పుడో పారేసేదుండె! మైలనే. పారెయ్యిండ్రి.”

లోపల మూలకు కూర్చోబెట్టిన లింబయ్య భార్య రుక్మాబాయి తలుపు వెనకనుంచి ఒక మాట అన్నది. “గది పారేస్తే బేకరీని పారేసినట్టే.” ఆమె ధర్మాబాద్ ఆడపడుచు. నలభై ఏళ్ళుగా ప్రతి రాత్రి ఆ జాడీకి మేత వేసింది ఆమే. అయితే మూల కూర్చున్న మనిషి మాట అరుగు దాకా రావడానికి పదకొండు రోజులు పడుతుంది.

జాడీ ఎత్తుకుని హన్మాండ్లు వానలో బయల్దేరాడు. పది నిమిషాల్లో తిరిగొచ్చాడు.

“పారేసిన.”

పొలిమేర అంత దగ్గరికి ఎప్పుడు జరిగిందని ఎవరూ అడగలేదు.

పన్నెండో రోజు రాత్రి భట్టి వెలిగించారు. హన్మాండ్లు నిజామాబాద్ పోయి ప్యాకెట్ ఈస్టు తెచ్చాడు. భోజన్న, ఇంకో ఇద్దరు పనివాళ్ళు పిండి కలిపి తడిగుడ్డ కప్పారు. కరెంటు లేదు. కందిలి ఒకటి మేకుకు వేలాడుతోంది. వాన అప్పుడే వెలిసింది. ఒంటిగంట దాటింది...

బుస్...

భోజన్న చేయి ఆగింది.

బుస్... బుస్...

కొట్టం మూలనుంచి. కట్టెల పేర్పు వెనకనుంచి. లింబయ్య నడుము వాల్చే చోటునుంచి.

“వింటున్నవా?” అన్నాడొకడు, గుసగుసగా.

“సప్పుడు చెయ్యకు.”

బుస్... బుస్... టప్!

భోజన్న కందిలి తీసుకుని కట్టెల వెనక్కి పోయాడు. ధైర్యంతో కాదు, కందిలి అతని పక్కన ఉంది కాబట్టి. అక్కడ నేలలో ఒక సిమెంటు హౌజు, తొట్టిలాంటిది, ఉంది. ఒకప్పుడు ఫ్యాక్టరీనుంచి తెచ్చిన మడ్డి, అంటే చక్కెర తీయగా మిగిలే నల్లటి పాకం, అందులో పోసేవారు. కేకులకు రంగు రావడానికి వాడేవారు. మూడేళ్ళుగా ఎవరూ వాడలేదు. పైన ఒక రేకు, రేకు మీద ఒక రాయి.

చూస్తుండగానే రేకు లేచింది. జానెడు లేచి, ఆగి... పడింది. టప్.

ఇంకోసారి లేచినప్పుడు భోజన్న సందులోంచి కందిలి లోపలికి దించాడు.

ఆరిపోయింది.

గాలి లేదు. వాన లేదు. ఎవరో ఊదినట్టు ఆరింది. అగ్గిపుల్ల గీసి మళ్ళీ వెలిగించాడు. మళ్ళీ దించాడు. మళ్ళీ ఆరింది.

మూడోసారి వెలిగించడానికి కొట్టంలో మనిషి లేడు. కలిపిన పిండి తెల్లారేదాకా పొంగి, పొంగి, చప్పబడి, నేలమీదికి జారింది.

మర్నాటికి ఊరంతా తెలిసింది. లింబయ్య హౌజులో కూర్చుని ఊపిరి పీలుస్తున్నాడు. సాయంత్రానికి లింబయ్య కళ్ళు ఎర్రగా ఉన్నాయని తేలింది. రాత్రికి ఆయన ఒక బన్ను అడిగాడని కూడా తేలింది. పనివాళ్ళు రాలేమన్నారు. మార్కండేయ రెట్టింపు కూలి ఇస్తానన్నా రాలేమన్నారు. రొట్టె రాత్రే కాలాలి. రాత్రి మనిషి దొరకని బేకరీ, నీళ్ళు లేని బావి.

నాలుగో రోజు ధర్మాబాద్ నుంచి ఒక రొట్టెల వ్యాను కోటగిరి రోడ్డెక్కింది. హోటళ్ళవాళ్ళు మర్యాదస్తులు. సోమవారం దాకా ఆగుతామన్నారు.

“సోమవారం పొద్దుగాల భట్టినుంచి రొట్టె రాకపోతే ఆ ధర్మాబాదోనికే తాళంచెవులు ఇచ్చేస్త,” అన్నాడు మార్కండేయ. “ఇల్లు కూడ అమ్మి నిజామాబాద్‌ల ఏదన్న నౌకరి సూసుకుంట.” నలభై ఏళ్ళ వయసులో అతనికి తెలిసిన నౌకరి భట్టిలో కట్టె పెట్టడం ఒక్కటే.

ఈ ఆపదలో అడ్డుపడ్డవాడు చంద్రయ్య. శాంతి చేస్తానన్నాడు. మొదటి రాత్రి నిమ్మకాయలు, పసుపు, కుంకుమ పట్టుకుని కొట్టంలోకి ఒంటరిగా పోయాడు. పావుగంటలో పారిపోయి వస్తాడని పందాలు కాశారు. ఆయన తెల్లారాక వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అడుగు తూలుతోంది. గడప ఏదో గోడ ఏదో తెలియడం లేదు. మార్కండేయను పట్టుకుని లింబయ్య గొంతుతో ఏడ్చి, అక్కడున్న అందరినీ బూతులు తిట్టాడు. లింబయ్య బతికుండగా ఎవరినీ తిట్టలేదు. తీరిక దొరకలేదేమో.

“పూనిండు,” అన్నారు జనం, దండం పెట్టి.

ఇంకో అనుమానానికి చోటు లేదు. ఆ జనవరినుంచి రాష్ట్రమంతా మద్య నిషేధం. చుక్క దొరకని ఊళ్ళో మనిషి తూలుతున్నాడంటే అది దెయ్యం కాక మరేమిటి?

తేరుకున్నాక చంద్రయ్య తీర్పు చెప్పాడు. లింబయ్యది మొండి ప్రాణం. ఒక్క రాత్రితో పోదు. పదకొండు రాత్రులు కావాలి. తాను తప్ప ఇంకెవరూ లోపలికి అడుగు పెట్టకూడదు. రోజూ రెండు కిలోల బెల్లం నైవేద్యం పెట్టాలి.

“పదకొండు రాత్రులా! సోమవారం దాకనే గద కాకా టైమున్నది,” అన్నాడు మార్కండేయ.

“దెయ్యానికి నీ సోమవారం ఎరుకనా?”

అలా అయిదు రాత్రులు గడిచాయి. రోజురోజుకూ చంద్రయ్యలో భక్తి పెరిగింది. సాయంత్రం అయిదింటికే బయల్దేరేవాడు. తూలుతూ వస్తున్నా మనిషి ముఖం మాత్రం కళకళలాడేది.

శనివారం రాత్రి రుక్మాబాయి భోజన్నను పిలిపించింది. మూలనుంచి లేచాక బేకరీ సంగతిలో ఆమె కలగజేసుకోవడం అదే మొదలు.

“భోజన్నా, ఆ ఊపిరి ఎట్లుంటది రా?”

“బాపు ఊపిరి లెక్కనే అవ్వా. గుంజుతది, ఇడుస్తది.”

“గుంజేటప్పుడు పిల్లికూత ఉన్నదా?”

భోజన్న ఆలోచించాడు. “లేదు.”

“మరి గాయన ఎట్లయితడు? నలభై ఏండ్లు పక్కకు పండుకున్న. గుంజేటప్పుడు పిల్లికూత, ఇడిసేటప్పుడు దగ్గు. సచ్చినంక మందు దొరికిందా ఆయనకు?”

“నాకేమెరుక అవ్వా...”

“ఇంకోటి. బెల్లం అడుగుతుండంట! బోధన్‌ల ఉండి బెల్లమా? చాయ్‌ల బెల్లం ఏస్తె గిలాస ఇసిరి కొట్టేటోడు.” ఆమె కందిలి అందుకుంది. “పా, సూసొద్దాం.”

“అవ్వా, ఎవ్వలు రావద్దన్నడు చంద్రయ్య పటేల్...”

“గాయనకు దెయ్యం. నాకు మొగడు. ఎవ్వలకు ఎక్కువ దగ్గర?”

నాలుగడుగులు వేశాక ఆగింది. తగ్గు గొంతుతో అన్నది. “ఒకవేళ ఆయనే అయితే... ఒక మాట అడిగేదున్నది.”

భోజన్న వెనకే నడిచాడు.

కొట్టం తలుపు దగ్గరికి వేసి ఉంది. రుక్మాబాయి చేత్తో నెట్టింది. లోపల చీకటి. చల్లారిన బూడిద వాసన, పులిసిన వాసన. పులిసిన వాసన బేకరీలో కొత్తది కాదు.

బుస్... బుస్...

భోజన్న ఆమె కొంగు పట్టుకున్నాడు. నలభై ఏళ్ళ మనిషి.

బుస్... గుర్ర్...

“ఇయ్యాల రెండు ఊపిర్లు ఉన్నయి అవ్వా...” అన్నాడు భోజన్న. “ఇద్దరున్నరు.”

రుక్మాబాయి కందిలి ముందుకు పట్టింది. కట్టెల పేర్పు చుట్టి నడిచింది. ఒక్కో అడుగు. కాలికి ఏదో తగిలి దొర్లింది. కందిలి వంచి చూసింది. జాడీ. ఖాళీ జాడీ, మూతిమీద ఇంకా ఆమె కట్టిన గుడ్డ పీలిక.

దాన్ని ఎత్తి పక్కన నిలబెట్టింది.

తర్వాత హౌజు మీది రేకు పక్కకు లాగింది. కందిలి లోపలికి దించింది. గప్పున ఆరింది.

చీకట్లో నవ్వు వినిపించింది. సన్నగా, ఆగకుండా, ఆడ నవ్వు. భోజన్న ప్రాణం అప్పుడు పోవలసింది. ఎందుకు పోలేదో తనకూ తెలియదని చెప్పాడు.

“ఆరింది రా భోజన్నా! ఆరింది... బతికే ఉన్నది!”

“ఎవరవ్వా?”

“ఖమీరు!”

ఆ ఇంట్లో ఖమీరును పరీక్షించే పద్ధతి అదే. జాడీలో అగ్గిపుల్ల వెలిగించి దించుతారు. ఆరితే ఖమీరు బతికున్నట్టు. వెలుగుతూ ఉంటే చచ్చినట్టు. పులిసే సరుకునుంచి లేచే గాలిలో నిప్పు నిలవదు. ఈ పరీక్ష చేసేది రుక్మాబాయి ఒక్కతే. మిగతావాళ్ళు రొట్టె తినేవాళ్ళు.

హన్మాండ్లు పొలిమేర దాకా పోలేదు. వాన పడుతోంది, హౌజు దగ్గర్లోనే ఉంది. జాడీ అందులో బోర్లించి రేకు కప్పాడు. కింద మూడేళ్ళ మడ్డి. పైన రేకు సందుల్లోంచి కారిన వాన నీళ్ళు. నలభై ఏళ్ళు చెంచాలతో మేత తిన్న ఖమీరుకు ఒక్కసారిగా విందు దొరికింది. పదకొండు రోజులు ఇంటిల్లిపాదీ సరిగ్గా తినకపోతే అదొక్కటే కడుపారా తిన్నది. ఊపిరి దానిది. రేకు లేపింది అది.

అయితే రెండో ఊపిరి?

కందిలి మళ్ళీ వెలిగించి, ఎత్తి పట్టుకున్నారు. హౌజుకు అవతల, లింబయ్య నడుము వాల్చే గోనె మీద, కులపెద్ద చంద్రయ్య వెల్లకిలా పడుకుని గురక పెడుతున్నాడు. పొట్ట మీద ఇత్తడి చెంబు. పక్కన విప్పిన బెల్లం కాగితాలు, బెల్లమంతా హౌజులో పడింది. నిమ్మకాయలు కూడా వృథా కాలేదు. కోసి, పిండి ఉన్నాయి.

రుక్మాబాయి కాలి వేలితో అతని పక్కటెముకల్లో పొడిచింది. “లే మరిదీ.”

చంద్రయ్య ఒక కన్ను తెరిచి లింబయ్య గొంతు తెచ్చుకోబోయాడు.

“ఆ గొంతు నా దగ్గర వద్దు.”

చంద్రయ్య లేచి కూర్చున్నాడు. కుడిచేతికి హౌజు అంచు దొరికింది, ఎడమచేతికి పరువు దొరకలేదు. అయినా ఆయన పెద్దమనిషి. ఆలోచన తాగుడులో కూడా పనిచేస్తుంది.

“వదినె, బయట చెప్పకు. గిదేందో ఎరుకనా? సారా ఊట. నిషేధం ఉన్నది. మడ్డి మీది, హౌజు మీది. పోలీసులొస్తే నీ కొడుకును తీసుకపోతరు. దెయ్యం అన్నమనుకో... ఎవ్వలను తీసుకపోరు.”

ఆ మాట నిజం. పులిసిన మడ్డికి కేసు ఉంది. దెయ్యానికి ఏ చట్టంలోనూ సెక్షన్ లేదు.

“సరె,” అన్నది రుక్మాబాయి. “దెయ్యమే. గని తెల్లారెసరికి పోవాలె.”

“ఇంకా ఆరు రాత్రులున్నయి గద...”

“ముత్తవ్వను పిలువమంటవా?”

ముత్తవ్వ చంద్రయ్య భార్య. సారా వద్దని బస్టాండు ముందు కూర్చున్న ఆడవాళ్ళలో మొదటి వరస. చంద్రయ్య చెంబు నేలమీద పెట్టాడు. ఆ రాత్రికి పూనకం దిగిపోయింది.

మార్కండేయను, హన్మాండ్లును లేపారు. హన్మాండ్లు హౌజును చూశాడు, జాడీని చూశాడు, నాయినమ్మను చూశాడు.

“వానొచ్చింది బాపమ్మా...”

“బకెట్ పట్టు.”

ఆమె నురగ అడుగునుంచి ఒక గరిటెడు చిక్కటి ముద్ద తీసి జాడీలో వేసింది. మైదా కలిపి గుడ్డ కట్టింది. మైల సంగతి మార్కండేయ గుర్తు చేయబోయాడు. చంద్రయ్యే అడ్డుపడ్డాడు. “పచ్చడి కిందికి వస్తది లే. నేనే తొందరపడ్డ.” మిగతా హౌజంతా నలుగురూ తెల్లారేదాకా తోడి వెనక మోరీలోకి, అంటే మురుగు కాలువలోకి, వంపారు. చంద్రయ్య తోడిన బకెట్లు మాత్రం సగం ఖాళీ అయ్యాకే మోరీకి చేరాయని భోజన్న చెప్పాడు.

హౌజు ఖాళీ అయింది. కానీ చిక్కు అక్కడే ఉంది. దెయ్యం పోయిందని పనివాళ్ళు నమ్మాలి. ఊపిరి ఆగిందంటే దెయ్యం నిద్రపోతోంది అంటారు. నిజం చెప్పడానికి వీల్లేదు. ఆదివారం పొద్దెక్కింది. రాత్రికి పిండి కలపకపోతే సోమవారం రొట్టె లేదు.

మోరీ సందు చివర ఒక గుంటలో కలుస్తుంది. ఆ గుంటలో, అదే సందులో పాలమ్ముకునే లింగవ్వ బర్రెలు మూడు రోజూ పొద్దున నీళ్ళు తాగుతాయి. ఆ రోజు అవి మామూలు కన్నా చాలాసేపు తాగాయి.

ఏడున్నరకు మొదటి బర్రె కోటగిరి రోడ్డు నడుమ కూర్చుంది. వర్ని బస్సు ఆగి హారన్ కొట్టింది. బర్రె తల తిప్పి బస్సును చాలా ప్రేమగా చూసింది. రెండోది బేకరీ గోడకు ఆనుకుని కళ్ళు మూసింది. మూడోది, ఎప్పుడూ పరుగెత్తి ఎరుగనిది, తోక పైకెత్తి వంకరటింకరగా కాలువ వంతెన మీదికి ఉరికింది.

జనం మూగారు. 

చంద్రయ్య దుకాణం మెట్టు దిగాడు. తల పగిలిపోతోంది. వెనకనుంచి రుక్మాబాయి చూస్తోంది. చేయెత్తి వంతెన వైపు చూపించాడు.

“గదిగో... పోతుండు! లింబయ్య పోతుండు!”

జనం ఆ బర్రెకు దండం పెట్టారు. కొందరు చెప్పులు విడిచారు. బర్రె వంతెన దాటి చెరకుతోటలోకి మలుపు తిరిగేదాకా ఎవరూ చేతులు దించలేదు.

సాయంత్రానికి పనివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, ఏమీ జరగనట్టు చేతులు కడుక్కుని పిండిలో పెట్టారు. సోమవారం తెల్లారగట్ల నాలుగింటికి మొదటి బన్నుల రేకు బయటికొచ్చింది. మార్కండేయ ఒక బన్ను వేలితో నొక్కాడు. లేచింది. ఇంకోటి నొక్కాడు. అదీ లేచింది. మూడోది నొక్కుతుంటే తల్లి కసిరింది, అమ్ముకునేవి అని. వ్యానువాడు రెండు రోజులు చూసి ధర్మాబాద్ తిరిగిపోయాడు.

సోమవారం మధ్యాహ్నం జాడీకి మేత వేస్తున్న రుక్మాబాయిని భోజన్న అడిగాడు.

“అవ్వా, బాపు అయితే ఏదో అడుగుతనన్నవు...”

ఆమె చేయి ఆగలేదు. “అందరికీ ఈ ఖమీరు నాదే, నాదే అని చెప్పుకున్నడు గద. మా ముసల్ది సాదుతున్నదని ఒక్కనాడన్న ఒక్కనికన్న ఎందుకు చెప్పలేదని.” గుడ్డ బిగించి ముడేసింది. “చెప్పి ఉంటే పారేసేటోళ్ళా?”

పొద్దు గూకాక లింగవ్వ వచ్చింది. కొట్టంలో అందరూ లేచి నిలబడ్డారు. బర్రెలకు ఏదైనా అయితే లింగవ్వ నోటికి పోలీసులు అక్కర్లేదు. మార్కండేయ ఎదురెళ్ళి పీట వేశాడు. ఆమె కూర్చోలేదు. భట్టి వైపు చూసింది. కట్టెల పేర్పు వైపు చూసింది. గాలి ఒకసారి గట్టిగా పీల్చింది.

“పొద్దుగాల సేరు పాలు ఎక్కువిచ్చినయి,” అన్నది.

మార్కండేయ పీట ఇంకాస్త ముందుకు జరిపాడు.

లింగవ్వ కొంగు చాటునుంచి ఖాళీ బకెట్ తీసి కింద పెట్టి, రుక్మాబాయి చెవి దగ్గరికి వంగింది.

“దెయ్యం ఇంకేమన్న మిగిలిందా, అక్కా?”